స్ట్రింగ్‌ల జాబితా తెలుగు వాక్యంగా మారాలంటే

"ఆధార్, ఓటరు కార్డు లేదా రేషన్ కార్డు తీసుకురావాలి." ఫోన్‌కు ఇలాంటి మెసేజ్ వస్తే దాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. మూడింటిలో ఏదో ఒకటి చాలని ఒకరు అనుకుంటారు. ఆధార్ తప్పనిసరి, దానితో పాటు మిగతా రెండింటిలో ఒకటి ఉండాలని ఇంకొకరు అనుకుంటారు. ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక కొండ ఊరి నుంచి బస్సెక్కి గుణుపురం వచ్చే మనిషికి ఈ తేడా ఒక రోజు కూలితో సమానం. అదే మాటను నోటితో చెప్పమంటే అక్కడి తెలుగువాళ్లు "ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ పట్టుకురండి" అంటారు. అందులో అనుమానానికి చోటే లేదు.

మొదటి వాక్యాన్ని చాలాసార్లు మనిషి రాయడు, ప్రోగ్రాం కూరుస్తుంది. దాని దగ్గర మూడు స్ట్రింగ్‌లు, అంటే అక్షరాల వరుసలు, ఉన్న జాబితా ఉంటుంది. వాటి మధ్య కామా పెట్టి, చివరిదానికి ముందు "లేదా" చేర్చి బయటికి పంపుతుంది. ఇంగ్లిష్ జాబితా నడిచే తీరు అదే. తెలుగు జాబితా అలా నడవదు. ప్రతి పేరు వెనకా ఒక తోక తగిలించడమో, జాబితా మొత్తానికీ చివర ఒక ముగింపు మాట చెప్పడమో తెలుగుకు అలవాటు. తెలుగు జాబితా బరువంతా చివర పడుతుంది. తెలుగులో సమాచారం పంపే సాఫ్ట్‌వేర్ ముందుగా పట్టించుకోవాల్సింది దీన్నే. కామా ఎక్కడ పెట్టాలన్నది ఆ తర్వాతి సంగతి.

ఒడిశా సరిహద్దు జిల్లాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి మంచి చోటు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం బజార్లలో తెలుగు మామూలుగా వినపడుతుంది. ప్రభుత్వ కాగితం ఒడియాలో వస్తుంది. కొండ ఊళ్లలో సవర, కువి మాట్లాడతారు. అలాంటి చోట ఒక పొదుపు సంఘం సభ్యుల జాబితాలోనే మూడు భాషల పేర్లు కలిసి ఉండొచ్చు. ఒక భాష మూసను మిగతా భాషల మీద రుద్దే ప్రోగ్రాం ఇక్కడ ఇట్టే బయటపడిపోతుంది. రాసే తెలుగు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిందీ ఆయనే. ఫోన్ తెర మీద కనిపించే తెలుగును కూడా ఆయన కొలతతోనే కొలవాలి. పైకి చదివితే అది మనుషులు మాట్లాడే మాటలా ఉండాలి.

జాయిన్ చేసే పని, చేయని పని

ముందు యంత్రం వైపు నుంచి చూద్దాం. దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ జాబితాను ఒకే స్ట్రింగ్‌గా కలిపే సౌకర్యం ఉంది. పైథాన్, జావాస్క్రిప్ట్, పెర్ల్, గో, సీ షార్ప్‌లలో దాని పేరు జాయిన్. పీహెచ్‌పీలో ఇంప్లోడ్ అంటారు, హాస్కెల్‌లో ఇంటర్‌కలేట్ అంటారు. జావాలో స్ట్రింగ్ జాయిన్ 2014లో ఎనిమిదో వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకుముందు ఎవరికి వాళ్లు లూప్ రాసుకుని, చివర మిగిలిపోయిన కామాను కత్తిరించుకునేవాళ్లు. వీటన్నిటి పనీ ఒకటే: పేరుకూ పేరుకూ మధ్య మనం ఇచ్చిన గుర్తును పెట్టడం. ఎన్ని పేర్లున్నాయి, అవి మనుషులవా ఊళ్లవా, చదివేది ఎవరు అన్నది జాయిన్‌కు పట్టదు.

జాయిన్ కూడా చేయకుండా పైథాన్‌లో జాబితాను నేరుగా ప్రింట్ చేస్తే చదరపు బ్రాకెట్లు, ప్రతి పేరు చుట్టూ కోట్ గుర్తులు వస్తాయి. అది ప్రోగ్రామర్ కోసం ఉద్దేశించిన రూపం. ఆ రూపానికి ఒక గొప్ప ఉపయోగం ఉంది, పేరు చివర దాక్కున్న కనిపించని అక్షరాలను కూడా అది ఎస్కేప్ కోడ్‌గా, అంటే అక్షరం బదులు దాని సంఖ్యను చూపే గుర్తుల వరుసగా, బయటపెడుతుంది. తప్పు వెతికేటప్పుడు దాన్ని మించింది లేదు. చదివేవాళ్లకు మాత్రం దాన్ని పంపకూడదు. ప్రోగ్రాంలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే జేసన్ రూపం సంగతీ ఇలాంటిదే. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ, వద్దని చెప్పకపోతే, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఉండే ఆస్కీ పట్టికలో లేని ప్రతి అక్షరాన్నీ ఆరు గుర్తుల ఎస్కేప్‌గా మార్చేస్తుంది. "గుణుపురం" అన్న పేరులో యూనికోడ్ (ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం) లెక్కన 8 సంకేతాలున్నాయి; హల్లు, గుణింతపు గుర్తు, సున్న దేనికదే ఒక సంకేతం. కాబట్టి అది 48 గుర్తుల వరుసగా మారుతుంది. ఒక్క సెట్టింగ్ మారిస్తే ఈ బాధ పోతుంది, మార్చకపోతే ఫైల్ తెరిచినవాళ్లకు అది ఏ ఊరో కూడా తెలీదు.

ఇంకో పొరపాటును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తెలుగులో అది వేరే వేషంలో కనిపిస్తుంది. జాయిన్‌కు జాబితా ఇవ్వాల్సిన చోట ఒకే పేరు ఇచ్చేశారనుకుందాం. పైథాన్ ఎర్రర్ ఇవ్వదు. ఆ పేరునే అక్షరాల జాబితాగా తీసుకుని మధ్యలో కామాలు పెట్టేస్తుంది. ఇంగ్లిష్ పేరైతే అక్షరాల మధ్య కామాలు చూడగానే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. తెలుగులో "రాము" అన్న పేరు "ర, ా, మ, ు" అయిపోతుంది. గుణింతపు గుర్తులు హల్లుల నుంచి విడిపోయి చుక్కల వలయాలతో ఒంటరిగా నిలబడతాయి. చూసినవాళ్లు ఫాంట్ పాడైందనుకుని ఫాంట్లు మారుస్తూ కూర్చుంటారు. తెర మీద చుక్కల వలయాలు కామాలతో కలిసి కనిపిస్తే ఫాంట్ జోలికి పోకుండా, జాయిన్‌కు ఏం వెళ్తోందో ముందు చూడాలి.

భాషను బట్టి జాబితాను కూర్చే సౌకర్యాలు కూడా ఉన్నాయి. యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ అనే సమాచార నిధిలో ఒక్కో భాషకు జాబితా మూసలుంటాయి. రెండే అంశాలుంటే ఒక మూస, ఎక్కువ ఉంటే మొదటికి ఒకటి, మధ్యకు ఒకటి, చివరకు ఒకటి. భాషల పనులకు వాడే ఐసీయూ అనే కోడ్ లైబ్రరీ, జావాస్క్రిప్ట్‌లోని లిస్ట్‌ఫార్మాట్, ఆపిల్ 2019లో తెచ్చిన లిస్ట్‌ఫార్మాటర్, పైథాన్ కోసం రాసిన బేబెల్ అన్నీ ఈ మూసలతోనే పనిచేస్తాయి. లిస్ట్‌ఫార్మాట్ 2021 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరింది. తెలుగు అడిగితే అది "రాయగడ, గుణుపురం మరియు పర్లాకిమిడి" అని ఇస్తుంది.

ఇది తప్పు వాక్యం కాదు, అర్థమవుతుంది. ఇంగ్లిష్ "అండ్" నడుమ తెలుగు పేర్లు పెట్టడం కంటే ఎన్నో రెట్లు నయం. కానీ గుణుపురం బస్టాండులో నిలబడి ఎవరూ అలా మాట్లాడరు. మూస అన్నది ఖాళీల మధ్య ఉండే మాటలను మాత్రమే మార్చగలదు, ఖాళీలో పడే పేరును ముట్టుకోదు. స్పానిష్‌కు కూడా ఈ ఇబ్బంది వచ్చింది. అక్కడ తర్వాతి మాట "ఇ" శబ్దంతో మొదలైతే కలిపే మాటే మారాలి. దానికోసం ఐసీయూలో ప్రత్యేకంగా కోడ్ రాశారు. మూస చాలని చోట భాషకు తగ్గ నియమం రాయడం కొత్తేమీ కాదన్నమాట. తెలుగుకు కావాల్సిన నియమం ఇంకాస్త పెద్దది.

ముగింపు మాట

దినపత్రికల జిల్లా పేజీ తీయండి. ఏ సభ వార్తయినా చివర పేర్ల వరుస ఉంటుంది, దాని వెనక "తదితరులు పాల్గొన్నారు" ఉంటుంది. ఆహ్వాన పత్రికలో "శ్రీయుతులు" అని మొదలుపెట్టి, పేర్లన్నీ కామాలతో రాసి, చివర "గార్లు" అని ముగిస్తారు. మాటల్లో అయితే "రాయగడ, గుణుపురం, జయపురం, ఈ మూడూ తిరిగొచ్చాం" అంటారు. ఎక్కడా చివరి పేరుకు ముందు కలిపే మాట లేదు. జాబితా అయిపోయిందని చెప్పే పని దాని వెనక వచ్చే మాట చేస్తోంది.

ఆ మాట ఇంకో పని కూడా చేస్తుంది, ప్రోగ్రాం రాసేవాళ్లకు అసలు లాభం అక్కడే ఉంది. తెలుగు వాక్యంలో పేరు ఊరికే ఉండదు, దానికి కు, లో, ని, నుంచి లాంటివి చేరతాయి. డేటాబేస్ నుంచి వచ్చే పేరు ఏ అక్షరంతో ముగుస్తుందో ముందుగా తెలీదు. "గుణుపురం"కు లో చేరిస్తే "గుణుపురంలో" అవుతుంది, కు చేరిస్తే "గుణుపురానికి" అవుతుంది. "పర్లాకిమిడి" అయితే "పర్లాకిమిడికి". తెలీని పేరును ఇలా మార్చడానికి కోడ్ రాయబోతే అంతు ఉండదు. జాబితా వెనక "జిల్లాలు", "కేంద్రాలు", "గ్రామాలు", "సభ్యులు" లాంటి మాట పెడితే విభక్తి అంతా దానికే పడుతుంది. "రాయగడ, గజపతి, గంజాం జిల్లాలకు", "రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో", "రాయగడ, గజపతి, గంజాం జిల్లాల నుంచి". పేర్లు మూడూ డేటాబేస్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మారిన మాట ఒక్కటే, దాని రూపాలన్నీ మనకు ముందే తెలుసు. వాటిని చిన్న పట్టికలో రాసిపెట్టుకోవచ్చు.

అందువల్ల తెలుగు కోసం జాబితా కూర్చే ఫంక్షన్‌కు పేర్లు ఒక్కటే ఇస్తే చాలదు. అవి ఏ రకం పేర్లో, వాక్యంలో వాటి పాత్ర ఏమిటో కూడా చెప్పాలి. ఈ రెండు అదనపు సంగతులతో ఫంక్షన్ పట్టికలోకి వెళ్లి సరైన ముగింపు తెచ్చుకుంటుంది. ఒకే పేరుంటే "రాయగడ జిల్లాలో" అని ఏకవచనం, ఒకటి దాటితే "జిల్లాల్లో" అని బహువచనం. ఇంగ్లిష్ ఫంక్షన్‌ను తెచ్చుకుని అందులో "అండ్" బదులు తెలుగు మాట పెట్టడంతో పని అయిపోయిందనుకునే జట్లు ఈ అడుగు వేయరు, ఆ యాప్‌లలో తెలుగు ఎప్పటికీ అనువాదంలాగే ఉండిపోతుంది.

మనుషుల లెక్క వచ్చేసరికి ఇంకో మెలిక. పేర్లు ఎక్కువైనప్పుడు మొదటి రెండూ చూపించి మిగతావాళ్లను లెక్కగా చెప్పడం యాప్‌లలో మామూలు. "మరో 3 మంది" అని కోడ్ రాస్తుంది. తెలుగులో అది "మరో ముగ్గురు". రెండు నుంచి ఏడు దాకా మనుషులకు వేరే సంఖ్యా పదాలున్నాయి: ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది నుంచి "మంది" వస్తుంది. ఒక్కరే మిగిలితే "మరొకరు". "మరో 1 మంది" అని ఫోన్ తెర మీద కనిపించడం ఏ తెలుగు మనిషికైనా గుచ్చుకుంటుంది. సీఎల్‌డీఆర్‌లో తెలుగు వచనాలకు రెండే తరగతులున్నాయి, ఒకటి అయితే ఒక రూపం, కాకపోతే ఇంకోటి. మనిషికీ వస్తువుకూ ఉన్న తేడా అందులో దొరకదు. ఏడు పదాల పట్టిక చేతితో రాసుకోవడమే మార్గం, అది పది నిమిషాల పని. వస్తువులకైతే "మరో 3" అని అంకె పెట్టి వెనక వస్తువు పేరు చెబితే సరిపోతుంది. లెక్క అక్కర్లేని చోట మనుషులకు "తదితరులు", వస్తువులకు "మొదలైనవి" వాడొచ్చు. కానీ డబ్బు పంపిణీ జాబితాలోనూ హాజరు జాబితాలోనూ "తదితరులు" అన్న మాట రానివ్వకూడదు. అక్కడ ప్రతి పేరూ కనబడాలి.

తెలుగు జాబితాకు మూడో పద్ధతి కూడా ఉంది, చివరి అచ్చును సాగదీయడం. "రాయగడా, గుణుపురమూ, పర్లాకిమిడీ" అన్నట్టు. చెవికి ఇదే అన్నిటికన్నా ఇంపుగా ఉంటుంది. కోడ్‌లో రాయడం కూడా మరీ కష్టమేమీ కాదు. చివరి సంకేతం ఉత్త హల్లయితే దీర్ఘం చేర్చాలి, గుడి ఉంటే గుడిదీర్ఘం చేయాలి, కొమ్ము ఉంటే కొమ్ముదీర్ఘం చేయాలి, సున్న ఉంటే దాన్ని "మూ"గా మార్చాలి, పొల్లు ఉంటే దాని స్థానంలో కొమ్ముదీర్ఘం పెట్టాలి. "గణేశ్" అలా "గణేశూ" అవుతుంది. ఇప్పటికే దీర్ఘం ఉంటే ముట్టుకోకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. డేటాలో పేరు వెనక బ్రాకెట్‌లో ఊరు ఉండొచ్చు, అంకె ఉండొచ్చు, పేరు రోమన్ లిపిలోనో ఒడియా లిపిలోనో ఉండొచ్చు. అక్కడ ఈ నియమం బోల్తా కొడుతుంది. పైగా మనిషి పేరు తను రాసుకున్నట్టే కనిపించాలని ఎవరికైనా ఉంటుంది. వారాల పేర్లు, సరుకుల పేర్లు లాంటి ముందే తెలిసిన జాబితాలకు ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. జనం పేర్లకు వద్దు.

"గానీ" జాబితా మాత్రం ఎంత తేలికో చెప్పలేం. ప్రతి అంశం వెనకా ఒక ఖాళీ, "గానీ" చేర్చి, ఆ తర్వాత కామాతో జాయిన్ చేస్తే అయిపోయింది. ఒకే అంశం ఉన్నప్పుడు "గానీ" తీసేయాలి, అంతే. రెండు లైన్ల కోడ్‌తో మొదట్లో చెప్పిన ఆధార్ అయోమయం పూర్తిగా పోతుంది. పత్రాలు అడిగే ప్రతి తెలుగు మెసేజ్‌లోనూ "లేదా" బదులు ఇదే వాడాలి.

పొల్లు దగ్గర చిక్కు

సరిహద్దు ఊళ్ల పేర్లలో కొన్ని పొల్లుతో ముగుస్తాయి. కోరాపుట్ అలాంటిదే. ఈ పేరు వెనక ఖాళీ లేకుండా "లో" తగిలిస్తే కంప్యూటర్ ట, ల రెండింటినీ కలిపి ఒత్తుగా మార్చి "కోరాపుట్లో" అని చూపిస్తుంది. "రమేశ్"కు "కు" చేరిస్తే "రమేశ్కు". తెలుగు చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. పేరుకూ దానికి చేరే మాటకూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం పెట్టాలి, అప్పుడు "కోరాపుట్‌లో" అని పొల్లు విడిగా నిలుస్తుంది. కోడ్‌లో నియమం చిన్నదే. పేరు పొల్లుతో ముగిసి, చేరబోయేది హల్లుతో మొదలైతే మధ్యలో అది పెట్టాలి.

దీనికి మరో వైపు ఉంది. టైప్ చేసే కీబోర్డులు కొన్ని ఈ కనిపించని అక్షరాన్ని పేరు చివరే వదిలేస్తాయి. ఒక నమోదులో "రమేశ్" ఉంటుంది, ఇంకో నమోదులో అదే పేరు వెనక కనిపించనిది అంటుకుని ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు అవి వేరు వేరు స్ట్రింగ్‌లు, అందుకని జాబితాలో రెండుసార్లు వస్తాయి. పైథాన్‌లోని స్ట్రిప్ దీన్ని తీసేయదు, ఎందుకంటే ఇది ఖాళీల లెక్కలోకి రాదు. జాబితా కూర్చే ముందు ప్రతి పేరు చివరా దీన్ని విడిగా తుడిచేయాలి. పేరు మధ్యలో ఉన్నదాన్ని మాత్రం వదిలేయాలి, అక్కడ దానికి పని ఉంది.

రెండుసార్లు రావడానికి స్పెల్లింగ్ కూడా కారణమే. పర్లాకిమిడి అని ఒకరు, పర్లాఖెముండి అని ఇంకొకరు రాస్తారు. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబర్ 2న ఏర్పడ్డాయి. గజపతి అంతకుముందు గంజాంలో, రాయగడ కోరాపుట్‌లో ఉండేవి. పాత కాగితాల నుంచి ఎక్కించిన డేటాలో గుణుపురం ఇప్పటికీ కోరాపుట్ జిల్లా కింద కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఊరికి ఒక కోడ్ ఇచ్చి, కోడ్‌లను బట్టి ఏరి, చివర్లో మాత్రమే పేరు తెచ్చుకోవాలి. స్ట్రింగ్‌ను స్ట్రింగ్‌తో పోల్చి ఏరడం ఇక్కడ కుదరదు.

అక్షరాల లెక్క, బైట్ల లెక్క

తెలుగు ఎస్ఎంఎస్‌కు ఒక్కో మెసేజ్‌లో 70 సంకేతాలే పడతాయి. దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67. ఇంగ్లిష్‌లో ఈ అంకెలు 160, 153. జాబితా ఎలా కూర్చామన్నది ఇక్కడ నేరుగా డబ్బు లెక్క అవుతుంది. ఈ వాక్యం చూడండి: "రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం కేంద్రాల్లో రేపు సెలవు." పేర్లకు 37 సంకేతాలు, నాలుగు కామాలకూ వాటి వెనక ఖాళీలకూ కలిపి 8, మిగతా వాక్యానికి 24. మొత్తం 69. ఒక మెసేజ్‌లో సరిగ్గా ఇమిడింది. ఇదే వాక్యంలో చివరి కామా తీసి "మరియు" పెడితే అదనంగా ఐదు సంకేతాలు పడి 74 అవుతుంది. రెండు మెసేజ్‌ల ఖర్చు. సహజంగా మాట్లాడే తెలుగు ఇక్కడ చౌక కూడా.

డేటాబేస్‌లో జాబితాను కలిపేటప్పుడు లెక్క బైట్లలోకి మారుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో గ్రూప్ కన్‌క్యాట్ అనే ఫంక్షన్ ఒక గుంపులోని పేర్లన్నిటినీ కలిపి ఇస్తుంది. దాని పరిమితి, మార్చకపోతే, 1,024 బైట్లు. పది సంకేతాల పేరుకు కామా, ఖాళీ కలిపి 32 బైట్లు అనుకుంటే 32 పేర్లకు నిండిపోతుంది. రోమన్ లిపిలో అయితే 85 పేర్ల దాకా పట్టేవి. ఆ తర్వాతి పేర్లను అది కోసేస్తుంది, ఒక హెచ్చరిక తప్ప ఎర్రర్ ఇవ్వదు. ఇంగ్లిష్ డేటాతో పరీక్షించి బాగుందనుకున్న ప్రోగ్రాం తెలుగు డేటా ఎక్కించగానే సభ్యుల పేర్లు మింగేయడానికి ఇదొక కారణం. పరిమితి పెంచాలి, లేకపోతే కలిపే పనిని డేటాబేస్ బయట చేయాలి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఇదే పని చేసే స్ట్రింగ్ ఆగ్‌కు ఇలాంటి చిన్న పరిమితి లేదు.

పేరును పొట్టి చేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. "పర్లాకిమిడి" కంటికి ఐదు అక్షరాలు, యూనికోడ్‌కు 11 సంకేతాలు. మూడో సంకేతం దగ్గర కోస్తే "పర్" మిగులుతుంది, రెండో దాని దగ్గర కోస్తే "పర". ఒత్తుతో కూడిన అక్షరాన్ని ఒక్కటిగా లెక్కించే నియమం యూనికోడ్ 15.1తో 2023లో వచ్చింది. ఆ నియమం ఎరిగిన సెగ్మెంటర్‌తోనే, అంటే రాతను అక్షరాలుగా విడగొట్టే కోడ్‌తోనే, కోయాలి. పేర్లను ఖాళీలతో నింపి నిలువు వరుసల్లో సర్దడం కూడా తెలుగులో వంకర పోతుంది, ఎందుకంటే నింపే ఫంక్షన్ సంకేతాలను లెక్కపెడుతుంది. పట్టిక కావాలంటే నిజంగా పట్టికే గీయాలి.

పక్క పక్క లిపులు

రోమన్, దేవనాగరి, ఒడియా, తెలుగు లిపుల పేర్లు ఒకే జాబితాలో ఉండి, మామూలు సార్ట్ చేస్తే అవి సరిగ్గా ఈ వరుసలోనే గుంపులుగా వస్తాయి. యూనికోడ్‌లో ఆ లిపుల స్థానాలు అలా ఉన్నాయి, అంతకు మించి కారణం లేదు. పర్లాకిమిడిలోని ఒక సంఘం జాబితాలో తెలుగు లిపిలో రాసుకున్నవాళ్లంతా అడుగున, ఒడియాలో రాసుకున్నవాళ్లంతా పైన ఉంటే, చూసేవాళ్లు దానికి వేరే అర్థం తీస్తారు. యంత్రం తెలియక చేసిన పనికి మనుషుల మధ్య మాట రాకూడదు. సభ్యత్వ సంఖ్యను బట్టో, చేరిన తేదీని బట్టో వరుస పెడితే ఈ గొడవ ఉండదు. పేరు వరుసే కావాలంటే, ఏ లిపి ముందు రావాలో మనుషులు కూర్చుని నిర్ణయించి, వరుస పెట్టే కోడ్ అయిన కొలేటర్‌కు చెప్పాలి.

సవరలకు సొంత లిపి ఉంది, సొరాంగ్ సొంపెంగ్. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936లోనే మంగేయి గొమాంగో దాన్ని రూపొందించారు. 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. దాని అక్షరాలు యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాల అవతల ఉన్నాయి. అందువల్ల జావాస్క్రిప్ట్‌లో ఒక్కో అక్షరం రెండు యూనిట్లుగా లెక్కకు వస్తుంది, ఎస్ఎంఎస్‌లో 70 బదులు 35 మాత్రమే పడతాయి. తెలుగు పేర్లకు పనిచేసిన పొడవు లెక్కలను ఈ పేర్లకు అలాగే వాడితే అక్షరం మధ్యకు తెగి ప్రశ్నార్థకం గుర్తో ఖాళీ పెట్టో కనిపిస్తుంది.

ఒడియా వాక్యానికి ఒడియా మూసే కావాలి. ఒడియాలో చివరి పేరుకు ముందు "ఓ" అన్న చిన్న మాట సహజంగా వస్తుంది. తెలుగు నియమాన్ని అక్కడికి మోసుకెళ్లడం ఎంత తప్పో, ఒడియా నియమాన్ని ఇటు తేవడం అంతే తప్పు. ఒకే నోటీసు రెండు భాషల్లో వెళ్లేటప్పుడు జాబితాను ముందే కూర్చిన స్ట్రింగ్‌గా అనువాదకుడికి ఇవ్వకూడదు. జాబితాను జాబితాగానే ఉంచి, ప్రతి భాషా తన పద్ధతిలో చివరి క్షణంలో కూర్చుకోవాలి. లిస్ట్‌ఫార్మాట్‌లో ఫలితాన్ని ముక్కలుగా ఇచ్చే మరో పద్ధతి ఉంది. ఏది పేరు, ఏది మధ్యలో వచ్చిన మాట అన్నది అందులో విడివిడిగా తెలుస్తుంది. పేర్లను మాత్రమే బోల్డ్ చేయాలన్నా, ఒక్కో పేరుకూ దాని భాష చెప్పి తెర చదివే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పలికేలా చేయాలన్నా అది పనికొస్తుంది.

పరీక్షించేటప్పుడు ఎన్ని అంశాలతో పరీక్షించామన్నది ముఖ్యం. మూడు పేర్లతో అందరూ చూస్తారు. ఒక పేరుతో, రెండు పేర్లతో, నలభై పేర్లతో కూడా చూడాలి. మధ్యలో ఖాళీ స్ట్రింగ్ ఉంటే రెండు కామాలు పక్కపక్కన వస్తాయి, దాన్ని ముందే ఏరివేయాలి. పేరులోనే కామా ఉంటే, ఇంటి పేరు ముందు రాసి కామా పెట్టే అలవాటు వల్ల, ఒక మనిషి ఇద్దరవుతాడు. అలాంటి జాబితాను వాక్యంలో పెట్టకుండా ఒక్కో పేరూ ఒక్కో లైన్‌లో రాయడం మేలు. ఏడెనిమిది దాటిన ఏ జాబితాకైనా అదే మేలు. ఇక పేర్లు అసలు లేనప్పుడు ముగింపు మాట ఒక్కటే మిగిలి "కేంద్రాల్లో రేపు సెలవు" అని వెళ్లిపోతుంది, అన్ని కేంద్రాలకూ సెలవని చదివినవాళ్లు ఇంట్లో ఉండిపోతారు. ఖాళీ జాబితాకు మూస పెట్టకూడదు. దానికి వేరే వాక్యం రాయాలి: "రేపు ఏ కేంద్రానికీ సెలవు లేదు."